కిల్ట్ నడుంపట్టీలో మన గుర్తు

మిస్సిసాగా

అక్కకు,

తమ్ముడు సూరిబాబు నమస్కారం చేసి రాస్తున్నాడు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారికి కంటి ఆపరేషను అయ్యాక చుక్కల మందు వేళకు వేస్తున్నారా? ఆయన మరిచిపోతారు, నువ్వే దగ్గరుండి వెయ్యి. పెద్దోడి కొట్టు బాగా నడుస్తోందని ఫోన్లో విని సంతోషించాను. ఇక్కడ నేనూ అమ్మాయి కల్యాణీ బాగానే ఉన్నాం. నా దగ్గు తగ్గింది. నా గురించి బెంగపెట్టుకోకు.

ఫోనుండగా ఉత్తరమెందుకు అనుకుంటావు. మొన్న నువ్వు ఫోన్లో అడిగినప్పుడు కల్యాణి నా పక్కనే కూర్చుని ఉంది. "మేమింకా బతికే ఉన్నాం కదరా, మన పిల్లకి ఎవరో డాక్టరుగారూ వాళ్లావిడా కన్యాదానం చెయ్యడమేంటి?" అన్నావు. నీ మరదలు పోయింది కాబట్టి నేనొక్కణ్ణీ పీటల మీద కూర్చోకూడదు. నా తరఫున కూర్చోవలసింది నువ్వూ బావగారూ. అది నాకు తెలియక కాదు. వీసా టైముకు రాదట అని చెప్పాను. అది అబద్ధం. మీ వీసాకు ఇక్కడినుంచి పంపాల్సిన ఆహ్వానం కాగితం మేము రాయనేలేదు. అది పంపిస్తానని మొదట్లో నేనన్న మాట నమ్మి నువ్వు పాస్‌పోర్టు ఆఫీసుకు ఆ మోకాళ్లతో రెండుసార్లు బస్సెక్కి వెళ్లి వచ్చావు. అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు. ఏం జరిగిందో వరసగా రాస్తాను. నా పద్దు పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి రోజులు తప్పవు.

నేను ఇక్కడ కూడా ఇస్త్రీయే చేస్తున్నానని నీకొక్కదానికే చెప్పాను. కెనడా వచ్చిన కొత్తలో నాలుగు నెలలు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. కల్యాణి మందుల కంపెనీకి పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. కిటికీలోంచి మంచు చూడ్డం తప్ప పని లేదు. ఒకరోజు బస్సు దిగేచోట డ్రై క్లీనింగ్ షాపు అద్దానికి మనిషి కావాలని కాగితం అంటించి ఉంటే లోపలికి వెళ్లాను. ఓనరు కొరియా ఆవిడ, మిసెస్ కిమ్ అంటారు. ఆవిడకూ ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఇస్త్రీ బట్టలు చుట్టే పేపర్లు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. ఒక చొక్కా ఇచ్చి చెయ్యమంది. చేశాను. రేపటినుంచి రమ్మంది. మా మధ్య అంతకన్నా పెద్ద మాటలు ఇప్పటికీ లేవు. వెనక గదిలో ఆవిరి వేడికి చలి తెలియదు. ఎన్ని సూట్లు, ఎన్ని చొక్కాలు, ఎన్ని గౌన్లు అని నాన్న పద్దు రాసినట్టే రోజూ రాసుకుంటాను. ఎవరూ అడగరు, అలవాటు.

కల్యాణికి ఈ పని ఇష్టం లేదు. ఆ సంగతి నీకు తెలియాలంటే డాక్టరుగారి గురించి చెప్పాలి. ఆయనా భార్యా మనవైపు వాళ్లే, ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయింది. కల్యాణి చదువుకునేటప్పుడు వాళ్లింటి బేస్‌మెంటులో అద్దెకుండేది. జ్వరమొస్తే ఆవిడ చారన్నం కలిపి తెచ్చి పెట్టేది. నేను కృతజ్ఞత మరిచేవాణ్ణి కాదు. అయితే మొదటి వారంలోనే ఆవిడ అడిగిందట, మీ నాన్నగారేం చేస్తారమ్మా అని. "టెక్స్‌టైల్స్, ఆంటీ" అందట ఇది. అయితే మీరేమిట్లు అని తర్వాతి ప్రశ్న. "వ్యాపారస్తులం ఆంటీ" అందట. అంతటితో ఆవిడ తనకు తోచిన కులం ఏదో తనే అనుకుంది. ఈ పిల్ల కాదనలేదు. నేను వచ్చాక ఆవిడ నన్నూ "మీకు తణుకులో ఎన్ని షాపులండీ, సూరిబాబు గారూ?" అని అడిగింది. నేను కల్యాణి మొహం చూసి, ఇప్పుడేం లేవండీ, ఎత్తేశాం అన్నాను. ఆ అబద్ధంలో నా వాటా అది.

పెళ్లికొడుకు ఇయన్ మంచివాడు. వాళ్లది స్కాట్లండు నుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబం. తండ్రి పేరు అలన్, బడి పంతులుగా చేసి రిటైరయ్యాడు. శీతాకాలంలో ఒకసారి హోటల్లో అందరం కలిశాం. ఆయన మాట్లాడినంతసేపూ తన తాత గురించే. తాత బొగ్గుగనిలో పనిచేశాడట, ఆయన గనిలో తలకు పెట్టుకున్న దీపం ఇంకా ఇంట్లో గోడకు తగిలించి ఉందట. నేను తల ఊపుతూ కూర్చున్నాను. నన్నేమీ అడగకపోతే బాగుండుననుకున్నాను. ఆయన అడగలేదు.

పోయిన నెల ఒక మంగళవారం ఆ అలన్ మా షాపుకు వచ్చాడు.

ఊళ్లో ఇన్ని షాపులుండగా మాదానికే ఎందుకొచ్చాడో తెలియదు. నేను వెనక గదిలో ఉన్నాను. గొంతు గుర్తుపట్టి, వేలాడేసిన సూట్ల సందులోంచి చూశాను. చేతిలో కిల్ట్ ఉంది. కిల్ట్ అంటే వాళ్ల మగవాళ్లు పండక్కీ పెళ్లికీ కట్టుకునే గళ్ల బట్ట. నడుం నుంచి మోకాళ్ల దాకా ఉంటుంది. చూడ్డానికి పావడాలా ఉంటుంది కానీ ఆ మాటంటే వాళ్లకు కోపం. "ఇది మా నాన్నది. ఆగస్టులో మా అబ్బాయి పెళ్లి, వాడు కట్టుకుంటాడు. మా అమ్మ ఉన్నప్పుడు ఆవిడే ఇస్త్రీ చేసేది. రెండు షాపుల వాళ్లు మాకు రాదన్నారు" అని మిసెస్ కిమ్‌తో చెబుతున్నాడు. ఇంగ్లీషులోనే అనుకో, నేను తెలుగులో రాస్తున్నాను. రెండడుగులు వేస్తే ఆయన ముందు ఉండేవాణ్ణి. వియ్యంకుడు గుమ్మంలోకి వస్తే కాళ్లకు నీళ్లిచ్చే ఇల్లు మనది. నేను ప్లాస్టిక్ కవర్ల వెనక నిలబడ్డాను, ఆయన కారు కదిలేదాకా.

మిసెస్ కిమ్ దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "సూరీ, నువ్వు చెయ్యి. నాకు భయం" అంది.

ఎనిమిది గజాల ఉన్ని బట్ట అక్కా. ముందు చదునుగా ఉంటుంది, వెనకంతా కుచ్చిళ్లు. ఇరవై ఏడు. ప్రతి కుచ్చీ దగ్గరా గళ్లు పక్క గళ్లతో కలిసిపోవాలి, కుచ్చిళ్లు పెట్టినట్టే తెలియకూడదు. ఎవరో ఇదివరకు ఇస్త్రీ పెట్టె అడ్డదిడ్డంగా తోసి సగం చెడగొట్టారు. మునసబుగారి పట్టుపంచెకి నాన్న ఏం చేసేవాడో గుర్తుందా? కుచ్చిళ్లను వేలితో సర్ది, కదలకుండా పొడుగు పొడుగు కుట్లు వేసి, తడిగుడ్డ పరిచి, పెట్టె తొయ్యకుండా ఎత్తి ఎత్తి పెట్టేవాడు. నేనూ అలాగే చేశాను. శుభ్రం చేసిన మర్నాటి నుంచి మూడు రోజులు, షాపు పని అయ్యాక కూర్చుని చేశాను. పెళ్లికొడుక్కి బట్టలు పెట్టేది మనం కదా. ఇక్కడ ఆ వరసలేవీ లేవు. పైగా పెళ్లికొడుక్కి పంచెలచాపు కూడా డాక్టరుగారి భార్యే కొన్నది. ఇదొక్కటీ నా చేతిమీదుగా వెళ్తుందని అనుకున్నాను.

అక్కడే పొరపాటు చేశాను. ఇక్కడ ప్రతి బట్టకూ నంబరు కాగితం పిన్నుతో గుచ్చుతారు. ఆ ఉన్నికి పిన్ను గుచ్చబుద్ధి కాలేదు. నడుంపట్టీ లోపలి గుడ్డ మీద తెల్లదారంతో గుర్తు కుట్టాను. మన దగ్గరైతే ఏ ఇంటికి ఆ ఇంటి గుర్తు ఉండేది, చెరగని నల్లజీడి రసంతో పెట్టేవాళ్లం. వీళ్లింటికి ఏం గుర్తు పెట్టను? చెయ్యి దానంతటదే మన ఇంటి గుర్తు వేసింది, ఇంటూ, పక్కన రెండు చుక్కలు. మన బట్టలు ఊరి బట్టల్లో కలిసిపోకుండా అమ్మ పెట్టేది కదా, అది. వియ్యంకులిల్లు మనదే కదా అనుకున్నాను. తర్వాత తీసేయాలన్న ఆలోచనే రాలేదు. పెట్టిన గుర్తు మనమెప్పుడైనా తీశామా?

తర్వాతి శనివారం డాక్టరుగారింట్లో భోజనాలు. ఇయన్ కిల్ట్ కట్టుకుని చూడాలని, అలన్ దాన్ని మా షాపు కవర్లోనే తెచ్చాడు. తీసి సోఫా మీద పరిచాడు. ఆ మనిషి కళ్లలో నీళ్లు, అక్కా. "మా అమ్మ పోయాక ఈ మడతలు ఇలా నిలబడ్డం ఇదే చూడ్డం. ఎవరు చేశారని అడిగితే ఆ షాపావిడ, ముసలాయన, వెనక అంది. అంతే. ఆయనతో చెయ్యి కలపాలని ఉంది" అన్నాడు. నేను ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను.

తర్వాత నడుంపట్టీ తిరగేసి, "ఇదేమిటో మీకెవరికైనా తెలుసా?" అన్నాడు.

డాక్టరుగారి భార్య కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "అయ్యో, ఇది చాకలి గుర్తండీ. మా అమ్మమ్మగారింట్లో ప్రతి దుప్పటికీ ఉండేది. ఏమండీ, ఇలా రండి, మిస్సిసాగాకి కూడా వచ్చేశారు వీళ్లు."

"ఏ కేటగిరీలో ఇచ్చారంటావు వీసా?" అన్నాడు డాక్టరు. ఇద్దరూ నవ్వారు. నా వైపు చూసి కూడా నవ్వారు, మనవాడే కదా, అర్థమవుతుందని. నేనూ నవ్వాను అక్కా. ఆ నవ్వు ఇంకా నా మొహం మీద ఎక్కడో అంటుకుని ఉన్నట్టుంది.

అలన్‌కు ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది, వాళ్లకు చదువు రాదు కాబట్టి ఇలా గుర్తులు పెట్టుకుంటారని. ఆయన "మా వాళ్లు గొర్రెలకు పెట్టుకునేవాళ్లు. తెలివైన పద్ధతి. ఉండనివ్వండి" అన్నాడు.

బడి బట్టల మీదా, పుస్తకాల సంచీ మీదా ఆ గుర్తుతోనే పెరిగింది కల్యాణి. చూసిన క్షణంలోనే తెలిసి ఉంటుంది. "వద్దు, ఫొటోల్లో బాగోదు. ఆంటీ, చిన్న కత్తెర ఉందా?" అంది. కత్తెర తెచ్చుకుని నా దగ్గరకు వచ్చి, "నాన్నా, కొంచెం బిగించి పట్టుకో" అంది.

పట్టుకున్నాను. గుడ్డకు గాటు పడకూడదని రెండు వేళ్లతో లాగి పట్టుకున్నాను. ఒక్కొక్క కుట్టే ఎత్తి, కత్తిరించి, దారం లాగేసింది. కుట్టు ఎలా విప్పాలో దానికి నేర్పింది నేనే.

తిరిగి వచ్చేటప్పుడు కారు అదే నడిపింది. ఇంటికి దగ్గరయ్యాక అడిగింది.

"ఎందుకు పెట్టావు నాన్నా?"

"బట్ట తప్పిపోకుండా."

"మీ షాపు మొత్తంలో కిల్ట్ ఒక్కటే ఉంది. దేంట్లో కలిసిపోతుంది?"

కారు ఇంటి ముందు ఆపి, ఇంజను ఆపకుండా చెప్పింది. హాస్టల్లో ఉన్నప్పుడు దాని గదిలో అమ్మాయిలు ఆదివారం తమ చుడీదార్లు దాని మంచం మీద పడేసేవారట, "నీకలవాటే కదే" అని. ఒక ఏడాది వాటికి ఇస్త్రీ చేసిందట. నాకెప్పుడూ చెప్పలేదు. "మళ్లీ ఆ మంచం దగ్గరికి నేను వెళ్లను నాన్నా. ఆంటీ వాళ్లకి తెలిస్తే పీటల మీద కూర్చుంటారా? ఏదో వంక చెబుతారు. అప్పుడు అందరిముందూ నేనేం చెయ్యాలి?"

"మీ అత్తయ్యా మామయ్యా ఉన్నారు కదే" అన్నాను.

"అత్తయ్య వస్తే మొదటి అయిదు నిమిషాల్లో ఆంటీ అడుగుతుంది, అత్తయ్య చెప్పేస్తుంది. అందుకే ఆ ఆహ్వానం లెటర్ రాయలేదు" అంది.

అక్కా, అదీ సంగతి. నువ్వు అబద్ధమాడవు కాబట్టి నిన్ను పిలవలేదు. ఇది నీకు చెప్పకుండా పెళ్లి ఫొటోలు పంపించి ఊరుకుందామనుకున్నాను. నాలుగు రోజులు అదే అనుకున్నాను.

బుధవారం అలన్ మళ్లీ షాపుకు వచ్చాడు. మిసెస్ కిమ్ వెనక్కి వచ్చి, "నిన్ను చూడాలట. మంచివాడు, బయటికి రా" అంది. తల అడ్డంగా ఊపాను. నన్నొక వింత మనిషిలా చూసి వెళ్లిపోయింది. ఆయన వెళ్లాక ఒక కవరు తెచ్చి ఇచ్చింది. పైన "వెనక గదిలోని పెద్దమనిషికి" అని ఉంది. లోపల నా కూతురి పెళ్లి కార్డు. దాంతోపాటు చేత్తో రాసిన చీటీ. మా అమ్మ చేతిపని మళ్లీ చూపించారు, మీరు తప్పకుండా మా అబ్బాయి పెళ్లికి రావాలి, మీకు ఒక కుర్చీ ఉంచుతాం అని. వస్తామో లేదో పేరు రాసి పోస్టు చెయ్యడానికి ఇంకో చిన్న కార్డు, స్టాంపు అంటించిన కవరు. పెళ్లికార్డులో పెళ్లికూతురి తండ్రిగా నా పేరు అచ్చులో ఉంది. పై కవరు మీద నాకు పేరు లేదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ రోజు పుస్తకంలో బట్టల లెక్క రాయలేదు.

రాత్రి భోజనాల దగ్గర అవి కల్యాణి ముందు పెట్టాను. చదివింది.

"వెళ్లకు నాన్నా. ఆ ముసలాయన రాలేదు అనుకుంటారు, అంతే."

"ఆదివారం లోపల నువ్వే చెప్పు. అలన్‌గారికీ, ఆంటీ వాళ్లకీ. నువ్వు చెబితే నీ మాటగా ఉంటుంది. నేను చెబితే నీ మీద ఫిర్యాదులా ఉంటుంది" అన్నాను.

"చెప్పకపోతే?"

"అందులో పేరు రాసి పోస్టు చేస్తాను."

"నా పెళ్లి చెడగొట్టడానికా నువ్వు కెనడా వచ్చింది?" అని ప్లేటు తీసుకుని లేచిపోయింది. పుట్టాక అది నాతో అంత మాట అనడం అదే మొదలు.

అప్పటినుంచి ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. వాతావరణం ఇంకా చల్లగానే ఉంది. మే నెల వస్తున్నా కోటు తప్పదు. బియ్యం, గోంగూర, అన్నీ దొరుకుతాయి, వండుకోబుద్ధి కావడం లేదంతే. ఈ ముక్క చదివి మళ్లీ బెంగపెట్టుకోకు, రెండు పూటలా తింటున్నాను.

ఇవాళ ఆదివారం. కల్యాణి పొద్దున డాక్టరుగారింటికి వెళ్లింది. చెప్పడానికే వెళ్లిందేమోనని నేను గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతూ ఉన్నాను. మధ్యాహ్నం వచ్చింది. చెప్పులు విడుస్తూ, "ఆంటీ పీటల మీదకి కంచిపట్టు కొనుక్కుంది, మెరూన్ కలర్. బాగుంది" అంది. నా మొహంలోకి చూడలేదు. మేడ మీదకు వెళ్లి తలుపు వేసుకుంది.

నేను చేసేది తప్పో ఒప్పో నాకు తెలియదు. పిల్లది భయపడింది కానీ చెడ్డది కాదు. దాని భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. దాన్ని అక్కడినుంచి బయట పడేయడానికే కదా రాత్రింబవళ్లు పెట్టె తోశాను. ఆ చేతులే ఇప్పుడు దానికి అడ్డమయ్యాయి. డాక్టరుగారి భార్య పెట్టిన చారన్నం కూడా నిజమే. కానీ నా కూతురి పెళ్లిలో పేరు లేని ఇస్త్రీవాడిగా ఒక కుర్చీ, అబద్ధమాడే తండ్రిగా ఇంకో కుర్చీ వేసి ఉంటే, నేను రెండింట్లోనూ కూర్చోలేను.

మీ ఇద్దరి పాస్‌పోర్టు కాగితాలు పెద్దోడితో ఫొటోలు తీయించి నా ఫోనుకు పంపించు. ఆహ్వానం నేనే రాస్తాను, ఎలా రాయాలో లైబ్రరీలో అడిగి తెలుసుకున్నాను. వీసా వస్తుందో రాదో, వచ్చేసరికి పీటలుంటాయో ఉండవో చెప్పలేను. నువ్వు అలిగి పంపకుండా ఉండకు. అలగడానికి నీకు హక్కుంది, కానీ ఈసారికి పంపు.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. ఇదంతా ఆయనకు చదివి వినిపించాలో వద్దో నీ ఇష్టం. పెద్దోడికీ కోడలికీ పిల్లలకూ నా దీవెనలు. రేవు వీధిలో నన్నడిగినవాళ్లందరికీ బాగున్నానని చెప్పు. నా మీద కోపమొస్తే నా మీదే ఉంచుకో, కల్యాణిని మటుకు దీవించు. అమ్మ లేని పిల్ల. నువ్వు పెద్దదానివి, నన్నూ దీవించు.

చిన్న కార్డులో పేరు రాసే చోట వెనక గదిలోని మనిషి, కల్యాణి తండ్రి సూరిబాబు అని రాశాను. ఎంతమంది వస్తారని ఉన్నచోట ఒకటి వేశాను. మా వీధి చివర పోస్టు డబ్బా ఉంది. చీకటి పడకముందే వెళ్లి ఆ కార్డూ ఈ ఉత్తరమూ కలిపి అందులో వేస్తాను. అది రెండు రోజుల్లో అలన్‌గారింటికి చేరుతుంది. ఇది నీకు చేరడానికి మూడు వారాలు పడుతుంది. నువ్వు ఇది చదివేసరికి నా కూతురు నాతో మాట్లాడుతూ ఉంటుందో లేదో నాకు తెలియదు.

నీ తమ్ముడు
సూరిబాబు